పాఠం 9 : కమలా సోహోనీ

9.0 పరిచయం

చదువు మధ్యలో ఆగిపోయి, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టిన మీకు ఒక అనుభవం ఎదురయ్యే ఉంటుంది. ఈ వయసులో ఈ చదువు ఎందుకని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆడపిల్లకు ఇంత చదువు దేనికని కూడా అడిగి ఉండవచ్చు. 1933లో బెంగుళూరులోని ఒక పెద్ద విజ్ఞానసంస్థ వాకిట్లో ఒక యువతికి ఇటువంటి అడ్డంకే ఎదురైంది. ఆమెకు మార్కులు తక్కువ రాలేదు. వయసూ మించిపోలేదు. ఆమె స్త్రీ. చేర్చుకోకపోవడానికి వాళ్ళు చూపిన కారణం అదొక్కటే. ఆ యువతి పేరు కమలా భాగవత్. పెళ్ళి తర్వాత కమలా సోహోనీగా ప్రసిద్ధి పొందారు. ఈ పాఠంలో మీరు ఆమె జీవితాన్ని గురించి చదువుతారు.

9.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
- పరిశోధన ద్వారా ఎం.ఎస్‌సి. పట్టం పొందడమంటే ఏమిటో వివరించగలుగుతారు;
- కమలా సోహోనీ ఎదుర్కొన్న ఆటంకాలను, వాటిని దాటిన తీరును చెప్పగలుగుతారు;
- పప్పుధాన్యాలు, నీరా వంటి ఆహారపదార్థాలపై ఆమె చేసిన కృషిని తెలుపగలుగుతారు.

9.2 రసాయనశాస్త్రం తెలిసిన ఇల్లు

కమల 1911లో ఇండోరులో జన్మించారు. తండ్రి నారాయణరావు భాగవత్, పినతండ్రి మాధవరావు భాగవత్ ఇద్దరూ రసాయనశాస్త్రవేత్తలు. 1909లో ఏర్పడిన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివిన తొలితరం రసాయనశాస్త్ర విద్యార్థులలో వారున్నారు. జంషెట్జీ టాటా సంకల్పంతో పుట్టింది కాబట్టి ఆ సంస్థను ప్రజలు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచేవారు. చిన్ననాటి నుండి ఇంట్లో ఆ సంస్థ ముచ్చట్లు వింటూ పెరిగిన కమల, తానూ అక్కడే పరిశోధన చేయాలని అనుకొన్నారు.

1933లో ఆమె బొంబాయి విశ్వవిద్యాలయం నుండి బి.ఎస్‌సి. పట్టం పొందారు. రసాయనశాస్త్రం ప్రధానాంశం, భౌతికశాస్త్రం ఉపాంశం. ఉత్తీర్ణుల పట్టికలో ఆమె పేరు మొదటి స్థానంలో నిలిచింది. ఇటువంటి విద్యార్థికి సీటు దొరకడం కష్టం కాదనే ఎవరైనా అనుకొంటారు. కమల కూడా అలాగే అనుకొని బెంగుళూరుకు దరఖాస్తు పంపారు.

9.3 మూసి ఉన్న తలుపు

అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు సర్ సి.వి. రామన్. 1930లో నోబెల్ బహుమతి అందుకొన్న ఆయన 1933లో ఆ పదవి చేపట్టారు. ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. స్త్రీలకు పరిశోధన చేసే శక్తి లేదని, సంస్థలో స్త్రీలను చేర్చుకోబోమని రామన్ కమల దరఖాస్తును తిరస్కరించారు.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎదుట ఉన్నది దేశమంతా గౌరవించే శాస్త్రవేత్త. అడుగుతున్నది ఇరవై రెండేళ్ళ యువతి. చాలామంది అక్కడితో వెనుదిరిగి వేరే దారి చూసుకొనేవారు. కమల మాత్రం బెంగుళూరు వెళ్ళి, తనను ఎందుకు చేర్చుకోరో చెప్పమని డైరెక్టరునే నేరుగా అడిగారు. గాంధీజీ నడిపిన ఉద్యమాల కాలం అది. ఆమె కూడా ఆ మార్గమే ఎంచుకొని, ప్రవేశం ఇచ్చేవరకు కదలనని ఆయన కార్యాలయం వద్ద సత్యాగ్రహానికి పూనుకొన్నారు.

చివరకు రామన్ ఒప్పుకొన్నారు. అయితే మూడు షరతులు పెట్టారు. మొదటిది, ఆమెను రెగ్యులర్ విద్యార్థినిగా పరిగణించరు. తొలి ఏడాది పరీక్షాకాలం. రెండవది, పని నాణ్యత డైరెక్టరుకు తృప్తి కలిగించేవరకు ఆమె పరిశోధనకు గుర్తింపు ఉండదు. మూడవది, ఆమె ఉనికి వల్ల మగ విద్యార్థుల ఏకాగ్రత చెడకూడదు. మూడవ షరతు ఎంత అవమానకరమో మీకు తెలుస్తూనే ఉంది. ఆమెతో పాటు చేరిన మగవారికి వీటిలో ఒక్క షరతూ లేదు. కమల బాధపడ్డారు. అయినా ఒప్పుకొన్నారు. లోపలికి వెళ్ళి పని చేసి చూపిస్తే తప్ప ఈ అభిప్రాయం మారదని ఆమె గ్రహించారు.

9.4 పరిశోధన ద్వారా ఎం.ఎస్‌సి.

ఎం.ఎస్‌సి. అనగానే మనకు రెండేళ్ళ తరగతులు, చివర పరీక్షలు గుర్తుకొస్తాయి. పరిశోధన ద్వారా పొందే ఎం.ఎస్‌సి. పద్ధతి వేరు. విద్యార్థి ఒక మార్గదర్శకుని వద్ద చేరి, ఒక సమస్యను ఎంచుకొంటాడు. దానిపై అంతకుముందు ఎవరెవరు ఏమేమి కనుగొన్నారో చదువుతాడు. ప్రయోగాలు చేస్తాడు, ఫలితం సరైనదేనా అని మళ్ళీ మళ్ళీ చేసి చూస్తాడు. చివరకు తాను కనుగొన్న విషయాన్ని సిద్ధాంతవ్యాసంగా రాసి సమర్పిస్తాడు. ఆ రంగం తెలిసిన పరీక్షకులు దానిని పరిశీలించి పట్టానికి అర్హత ఉందో లేదో తేలుస్తారు. పుస్తకంలో ఉన్నది ఒప్పజెప్పడం ఇక్కడ చాలదు. పుస్తకంలో లేని కొత్త విషయం చిన్నదైనా ఒకటి చేర్చాలి.

కమల కాలంలో బెంగుళూరు సంస్థకు డిగ్రీలు ఇచ్చే అధికారం లేదు. విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా దానికి 1958లో లభించింది. అందువల్ల కమల పరిశోధన బెంగుళూరులో చేసి, సిద్ధాంతవ్యాసాన్ని బొంబాయి విశ్వవిద్యాలయానికి సమర్పించవలసి వచ్చింది.

ఆమె మార్గదర్శకులు ఎం. శ్రీనివాసయ్య. ఆయన పనిలో చాలా కఠినంగా ఉండేవారు. నేర్చుకోవాలనే పట్టుదల ఉన్నవారికి ఎంతైనా నేర్పేవారు. ఆయన వద్ద కమల పాలు, పప్పులు, చిక్కుడుజాతి గింజల్లోని ప్రోటీన్లను అధ్యయనం చేశారు.

ఈ విషయం ఎందుకు ముఖ్యమైనదో చూద్దాం. మాంసం, గుడ్లు కొనలేని కుటుంబాలకు, తినని కుటుంబాలకు ప్రోటీన్ ప్రధానంగా పప్పుల నుండే రావాలి. కంది, పెసర, మినుము వంటి పప్పుల్లో నూరు గ్రాములకు ఇంచుమించు 20 నుండి 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అయితే ప్రోటీన్లన్నీ ఒకే రకం కావు. కొన్ని నీటిలో కరుగుతాయి, కొన్ని ఉప్పునీటిలోనే కరుగుతాయి. వాటిని వేరుచేసి, ఏది ఎంత ఉంది, శరీరానికి ఎంత పనికివస్తుంది అని తెలుసుకొంటేనే పేదవాని భోజనాన్ని మెరుగుపరచవచ్చు. కమల ఎంచుకొన్న సమస్య ప్రతి వంటింటికీ సంబంధించినదన్నమాట.

ఏడాది గడిచింది. ఆమె పనిని చూసి రామన్ తృప్తి చెందారు. ఆమెకు గుర్తింపు ఇచ్చారు. ఆ తర్వాత సంస్థలో స్త్రీలకు ప్రవేశం లభించింది. 1936లో కమల తన సిద్ధాంతవ్యాసంతో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్‌సి. పట్టం ప్రత్యేక ప్రతిభతో పొందారు.

ఈ పట్టం విలువ తెలియాలంటే మరొక శాస్త్రవేత్త సంగతి కూడా తెలుసుకోవాలి. 1940లో అన్నా మణి అనే యువతి అదే సంస్థలో రామన్ ప్రయోగశాలలో చేరారు. వజ్రాలపై, కెంపులపై పరిశోధించి 1945లో పిహెచ్.డి. కోసం సిద్ధాంతవ్యాసం సమర్పించారు. కాని ఆమెకు ఎం.ఎస్‌సి. పట్టం లేదని మద్రాసు విశ్వవిద్యాలయం పిహెచ్.డి. ఇవ్వలేదు. పని పూర్తయినా పట్టం దక్కలేదు. అయినా ఆమె తర్వాత వాతావరణశాస్త్రంలో గొప్ప పేరు తెచ్చుకొన్నారు. కమలకు ఎం.ఎస్‌సి. ఉన్నందువల్ల తర్వాతి మెట్టు ఎక్కే దారి తెరుచుకొంది.

పాఠగత ప్రశ్నలు 9.1
1. కమల దరఖాస్తును ఏ కారణంతో తిరస్కరించారు?
2. ఆమె సిద్ధాంతవ్యాసాన్ని బొంబాయి విశ్వవిద్యాలయానికి ఎందుకు సమర్పించారు?
3. అన్నా మణికి పిహెచ్.డి. ఎందుకు రాలేదు?

9.5 కేంబ్రిడ్జిలో

ఎం.ఎస్‌సి. తర్వాత కమల ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. న్యూన్‌హామ్ కళాశాలలో చేరారు. విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెడరిక్ హాప్కిన్స్ జీవరసాయన విభాగంలో ఆమె మొదట డెరెక్ రిక్టర్ వద్ద, తర్వాత రాబిన్ హిల్ వద్ద పనిచేశారు.

బంగాళాదుంపలపై ప్రయోగాలు చేస్తూ, మొక్కల కణాల్లో సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ ఉన్నదని ఆమె కనుగొన్నారు. కణం ఆహారం నుండి శక్తిని తీసుకొనే క్రియలో ఈ ప్రోటీన్‌కు ముఖ్యపాత్ర ఉంది. ఈ విషయంపై ఆమె రాసిన సిద్ధాంతవ్యాసం సుమారు నలభై పుటలే. 1939లో ఆమెకు పిహెచ్.డి. లభించింది. విజ్ఞానశాస్త్రంలో పిహెచ్.డి. పొందిన తొలి భారతీయ మహిళగా ఆమెను పేర్కొంటారు. అంతకుముందు 1931లో జానకి అమ్మాళ్ అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయం నుండి వృక్షశాస్త్రంలో డి.ఎస్‌సి. పట్టం పొందారు. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుంచుకోండి.

9.6 స్వదేశంలో సేవ

విదేశంలో ఉండిపోయే అవకాశం ఉన్నా కమల 1939లోనే తిరిగి వచ్చారు. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్యకళాశాలలో జీవరసాయన విభాగానికి అధిపతి అయ్యారు. తర్వాత నీలగిరి కొండల్లోని కూనూరులో పోషకాహార పరిశోధనశాలకు సహాయ డైరెక్టరుగా వెళ్ళి విటమిన్లపై పనిచేశారు. ఈ పరిశోధనశాల మనకు దగ్గరి చుట్టమే. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాకలో మీరు చూసే సంస్థ అదే.

1947లో ఎం.వి. సోహోనీతో వివాహమై ఆమె బొంబాయి చేరారు. అక్కడి విజ్ఞాన సంస్థలో జీవరసాయనశాస్త్ర ఆచార్యులుగా పనిచేస్తూ, విద్యార్థులతో కలిసి పప్పులపై పరిశోధన కొనసాగించారు. పచ్చి పప్పుగింజల్లో, ప్రోటీన్ జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉంటాయి. వేడి చేస్తే వాటి ప్రభావం తగ్గుతుంది. పప్పును బాగా ఉడికించి తినాలనే మన అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

ఆమె మరో ముఖ్యమైన కృషి నీరాపై జరిగింది. నీరా అంటే తాటి, ఈత వంటి చెట్ల నుండి తీసిన, పులియని తియ్యటి రసం. పులిస్తే అదే కల్లు అవుతుంది. ప్రథమ రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ సూచనపై ఆమె నీరాను పరిశీలించారు. అందులో విటమిన్ ఏ, విటమిన్ సి, ఇనుము గణనీయంగా ఉన్నాయని గుర్తించారు. గిరిజన కుటుంబాల్లోని బలహీనమైన పిల్లలకు, గర్భిణులకు నీరా ఇస్తే ఆరోగ్యం మెరుగుపడుతుందని తెలిసింది. ఈ కృషికి ఆమెకు రాష్ట్రపతి పురస్కారం లభించింది. బొంబాయి నగరానికి పాలు అందించే ఆరే డెయిరీకి పాల నాణ్యత విషయంలో సలహాలు కూడా ఇచ్చారు.

ఇంత చేసినా వివక్ష ఆమెను వదలలేదు. బొంబాయి విజ్ఞాన సంస్థ డైరెక్టరు పదవి ఆమెకు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. స్త్రీ కావడమే అందుకు కారణమని ఆమె జీవితాన్ని గురించి రాసినవారు అభిప్రాయపడ్డారు. రామన్ గొప్ప శాస్త్రవేత్తే అయినా స్త్రీల విషయంలో సంకుచితంగా ప్రవర్తించారని ఆమె చాలాకాలం తర్వాత ఒక సభలో చెప్పారు. గౌరవించదగిన వారిలోనూ లోపం ఉంటే దాన్ని లోపమనే చెప్పాలని ఆమె నమ్మారు.

9.7 వినియోగదారుల పక్షాన

1966లో తొమ్మిదిమంది స్త్రీలు బొంబాయిలో భారత వినియోగదారుల మార్గదర్శక సంఘాన్ని స్థాపించారు. కమల అందులో చురుకైన సభ్యులు. ఆహారపదార్థాల్లో కల్తీని కనిపెట్టడం ఎలాగో ప్రజలకు తెలియజేయడానికి ఆమె తన రసాయనశాస్త్రాన్ని ఉపయోగించారు. సంఘం ప్రచురించిన కీమత్ పత్రికలో వ్యాసాలు రాశారు. 1982-83లో సంఘానికి అధ్యక్షులయ్యారు.

1998లో భారత వైద్య పరిశోధన మండలి ఢిల్లీలో ఆమెను సత్కరించింది. ఆ సభలోనే ఆమె కుప్పకూలారు. కొద్దికాలానికే కన్నుమూశారు.

పాఠగత ప్రశ్నలు 9.2
1. కూనూరు పరిశోధనశాల ఇప్పుడు ఏ నగరంలో ఉంది?
2. నీరాలో కమల గుర్తించిన పోషకాలు ఏవి?

9.8 మీరు నేర్చుకొన్నది

- కమలా సోహోనీ 1933లో సత్యాగ్రహం చేసి, షరతులపై బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రవేశం సాధించారు.
- 1936లో పరిశోధన ద్వారా ఎం.ఎస్‌సి., 1939లో కేంబ్రిడ్జి నుండి పిహెచ్.డి. పొందారు.
- పప్పుల ప్రోటీన్లు, నీరా, పాలు - పేదల ఆహారమే ఆమె పరిశోధనకు కేంద్రం.
- ఆమె సాధించిన ప్రవేశం తర్వాతి స్త్రీలకు దారి అయింది.

9.9 పాఠాంత ప్రశ్నలు

1. తరగతుల ద్వారా పొందే ఎం.ఎస్‌సి.కి, పరిశోధన ద్వారా పొందే ఎం.ఎస్‌సి.కి గల తేడాలు రాయండి.
2. అవమానకరమైన షరతులను కమల ఒప్పుకోవడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. మీ ఇంట్లో వారం రోజులు వండిన పప్పుల పట్టిక తయారుచేయండి. ప్రోటీన్ అందరికంటే తక్కువగా ఎవరికి అందుతున్నదో గమనించి రాయండి.

9.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

9.1: 1. స్త్రీలకు పరిశోధన చేసే శక్తి లేదని. 2. బెంగుళూరు సంస్థకు అప్పుడు డిగ్రీలు ఇచ్చే అధికారం లేనందువల్ల. 3. ఎం.ఎస్‌సి. పట్టం లేనందువల్ల.
9.2: 1. హైదరాబాదు. 2. విటమిన్ ఏ, విటమిన్ సి, ఇనుము.