వినయశీలి అజరయ్య

పదవి లభించిన పిదప వినయాన్ని నిలుపుకోవడం కష్టం. జీవితాంతం దానిని నిలుపుకొన్న భక్తుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తమిళనాట తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ సంఘ కాపరి. మద్రాసులో చదివిన అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పేరు పొందారు. 1903లో తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘ స్థాపనకు పాటుపడ్డారు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు సేవకులను పంపింది. ఇతరులను పంపి తాను నగరంలో ఉండిపోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురువుగా అభిషిక్తులై డోర్నకల్ చేరారు. తనకు కొత్తదైన తెలుగును నేర్చుకొన్నారు.

వినయమంటే అణిగి ఉండడం కాదు. 1910లో ఎడింబరో మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయులకు సమాన స్నేహాన్ని ఇవ్వడం లేదని ఆయన నిర్భయంగా తెలియజేశారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. పదవి వచ్చినా నడవడి మారలేదు. ఎద్దుబండిపై పల్లెలు తిరుగుతూ, సమాజం అంటరానివారని దూరముంచిన పేదలకు బోధించారు. సతీమణి అన్బు మరియమ్మాళ్ ఆయన సేవలో తోడుగా నిలిచారు. పేదలు సైతం దేవునికి ఇవ్వగలరని ఆయన విశ్వాసం. వంట బియ్యంలో పిడికెడు దేవుని పేర తీసిపెట్టడం అక్కడి క్రైస్తవ గృహిణులకు అలవాటైంది.

ఏండ్ల తరబడి ఓర్పుతో కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939లో ప్రతిష్ఠితమైంది. అందులో హిందూ, ముస్లిం శిల్పరీతులు కూడా కలిసి ఉన్నాయి. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సేవకునిగా అడుగుపెట్టిన ఊరిలో ఆయన చివరివరకు సేవకునిగానే జీవించారు.