ఆచార్య పాల్ సబత్యే

వనస్పతి పేరు విననివా రరుదు. ద్రవమగు నూనెను నేతివలె గట్టిపఱచుటకు దారి చూపిన రసాయన శాస్త్రజ్ఞుఁడు పాల్ సబత్యే.

ఈయన 1854 నవంబరు 5వ తేదీని దక్షిణ ఫ్రాన్సునందలి కార్కసాన్ పట్టణమున జన్మించెను. పారిసులో బెర్తెలో పండితునికడఁ బరిశోధన చేసి, 1880లో డాక్టరు పట్టమును బొందెను. 1882లో తూలూజ్ నగరమున కేఁగి, అచ్చటనే అధ్యాపకుఁడుగా స్థిరపడెను. 1907లో పారిసునుండి పెద్ద పదవికిఁ బిలుపు వచ్చినను, ఆయన తూలూజును విడువలేదు.

1897లో సబత్యే, సాండరాన్స్ అను క్రైస్తవ గురువుతోఁ గూడి, ఎథిలీను వాయువును ఉదజనితోఁ గలిపి మెత్తని నికెలు పొడిమీఁదుగాఁ బంపెను. అవి రెండును గలసి ఈథేను వాయువయ్యెను. నికెలు మాత్రము వ్యయము కాలేదు. ఉదజని క్షణకాలము నికెలుతోఁ గూడి, పిమ్మట నితర పదార్థమును జేరునని ఆయన సిద్ధాంతము. ఉదజనిని జేర్చు లోహమే దానిని మరలఁ దీసివేయను గలదని కూడ ఆయన చూపెను.

సబత్యే ఆవిరులతోఁ బనిచేయఁగా, జర్మనీ దేశీయుఁడగు నార్మన్ ఈ పద్ధతిని ద్రవములకుఁ బ్రయోగించి 1902లో పేటెంటు హక్కును సంపాదించెను. నూనెలోని కర్బనపు గొలుసులందుఁ గొన్నిచోట్ల ద్విబంధము లుండును. అచ్చట గొలుసు వంగుటచే అణువులు దగ్గఱగాఁ జేరలేవు. కావుననే నూనె ద్రవముగా నుండును. ప్రతి ద్విబంధమును రెండు ఉదజని పరమాణువులను గ్రహింపఁగా గొలుసు సూటియగును, నూనె గట్టిపడును. సుమారు 14 డిగ్రీలకే కరఁగు ఓలిక్ ఆమ్లము, ఇట్లు మాఱి, సుమారు 69 డిగ్రీలకుఁ గాని కరఁగని స్టియరిక్ ఆమ్లమగును.

1912లో సబత్యేకు గ్రిన్యార్ పండితునితోపాటు నోబెల్ బహుమానము లభించెను. పారిసులో నివసింపనివారికిఁ బూర్వము దుర్లభమైన ఫ్రెంచి శాస్త్ర పరిషత్సభ్యత్వము 1913లో ఆయనకు దక్కెను. 1941 ఆగస్టు 14వ తేదీని ఆయన తూలూజులోనే కీర్తిశేషుఁడయ్యెను.

అయినను కథ యంతటితో ముగియలేదు. నూనెను సగము గట్టిపఱచి యాపినపుడు, కొన్ని గొలుసులు నికెలుమీఁద ఉదజనిని గ్రహించి మరల విడుచును. అప్పుడు ద్విబంధము నిలిచియే యుండును గాని, దాని వంపు పోవును. ఇవియే ట్రాన్సు కొవ్వులు. ఇవి గుండెకుఁ గీడు చేయునని 1990 తరువాతి పరిశోధనలు స్పష్టపఱచెను. భారతదేశమున నూనెలలోను క్రొవ్వులలోను వీని పాలు నూటికి 2 వంతులు మించరాదని 2022లో నియమ మేర్పడెను.

ఆ కీడునకుఁ గారణమైన ఇచ్చిపుచ్చుకొనుట సబత్యే సిద్ధాంతమునందే యుండెను. కాని దాని ఫలము భోజనపు పళ్లెరమున నెట్లుండునో శోధించుటకు లోకమునకు దశాబ్దములు పట్టెను. విద్యార్థులారా! క్రొత్త వస్తువును గనుఁగొనుట యెంత గొప్పయో, దానిని విడువక పరీక్షించుటయు నంతే గొప్ప.