పొగతోనే ఇంజిన్‌కు బలం.. టర్బో కనిపెట్టిన బ్యూకీ కథ ఇదీ!

వీర్నపల్లి దాకా ఫుల్ లోడ్‌తో వచ్చే పికప్ బండి ఎత్తులో ఆగకుండా లాగుతోందంటే అందులో టర్బో పని ఉంది. దాన్ని కనిపెట్టింది స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ. 1879లో వింటర్‌థూర్‌లో పుట్టారు.

సైలెన్సర్ నుంచి పోయే వేడి పొగలో బోలెడంత శక్తి వృథా అవుతోందన్నదే ఆయన బెంగ. ఆ పొగతో ఓ చక్రం తిప్పాలి.. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపాలి. గాలి ఎక్కువుంటే డీజిల్ కూడా ఎక్కువ మండించొచ్చు. అంతే ఐడియా! 1905లోనే పేటెంట్‌కు అప్లై చేశారు.

కానీ అంత వేడిని, స్పీడ్‌ను తట్టుకునే లోహాలు అప్పట్లో ఎక్కడివి? ఏకంగా 20 ఏళ్లు తిప్పలు పడ్డారు. చివరికి 1925లో పని కుదిరింది. పవర్ 40 శాతానికి పైగా పెరిగింది! ఆ వెంటనే రెండు జర్మన్ ఓడల ఇంజిన్లు 1,750 నుంచి 2,500 హార్స్ పవర్‌కు చేరాయి. 1938లో స్విస్ కంపెనీ సౌరర్ లారీ ఇంజిన్‌కూ టర్బో పెట్టింది.

పాత బండికి టర్బో బిగించేవాళ్లు ఒకటి మర్చిపోతుంటారు. బ్యూకీ ఏళ్ల తరబడి కష్టపడింది ఇంజిన్‌కు, టర్బోకు జత కుదర్చడానికే. లెక్క చూడకుండా తగిలిస్తే హెడ్ గ్యాస్కెట్, పిస్టన్లు పోతాయి.

బ్యూకీ 1959లో సొంతూరు వింటర్‌థూర్‌లోనే కన్నుమూశారు.