యాంటెన్నాకు చోటు వెతికిన ఇంజినీరు

శంషాబాద్‌లో ఆగి ఉన్న విమానాన్ని దగ్గరి నుంచి చూసే అవకాశం వస్తే కిటికీల వైపు కాదు, దాని వీపూ పొట్టా చూడండి. చేప రెక్కల్లాంటి చిన్న పలకలు నిలబడి ఉంటాయి. కొన్ని విమానాలకు వీపు మీద బోర్లించిన గిన్నెలాంటి ఉబ్బు కూడా ఉంటుంది. దాని కింద ఉపగ్రహంతో మాట్లాడే యాంటెన్నా ఉంటుంది. వీటిలో ఒక్కోదాన్ని అక్కడ బిగించడానికి ముందు పెద్ద గొడవే జరుగుతుంది. రేడియో ఇంజినీరు బయట పెట్టాలంటాడు, విమానం ఇంజినీరు అసలు వద్దంటాడు.

ఈ గొడవ మధ్యలో పనిచేసి, అలాంటి విమానంలోనే ప్రాణాలు వదిలిన ఒకాయన గురించి ఈ వారం చెప్తాను. పేరు అలన్ డోవర్ బ్లమ్‌లైన్. సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈ చదివినవాళ్లయినా, గోదావరిఖనిలో డిప్లొమా చేసినవాళ్లయినా ఈ పేరు విని ఉండకపోవచ్చు. కానీ ఆయన సర్క్యూట్‌ను మీరు గీసే ఉంటారు. రెండు ట్రాన్సిస్టర్లు పక్కపక్కన, ఎమిటర్లు కలిపి కిందికి ఒకే తోక. ఆప్-ఆంప్ లోపల మొదటి దశ అదే కదా. దాన్ని ఆయన 1936లో వాల్వులతో చేశాడు.

1903 జూన్ 29న లండన్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన ఇంజినీరు. పిల్లాడికి చదవడం చాలా ఆలస్యంగా పట్టుబడింది. యంత్రాల సంగతి మాత్రం వేరు. ఏడేళ్లప్పుడు ఇంట్లో కాలింగ్ బెల్ బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజినీరునని సంతకం పెట్టి తండ్రికి బిల్లు ఇచ్చాడట. 1923లో సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీ నుంచి ఫస్ట్ క్లాస్ డిగ్రీతో బయటికొచ్చాడు. మొదటి ఉద్యోగం టెలిఫోన్ల కంపెనీలో, ఒక లైన్‌లో మాటలు పక్క లైన్‌లోకి దూరకుండా చూసే పని. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారాడు. పాటలు రికార్డు చేయాలంటే ఆ రోజుల్లో అమెరికన్ పేటెంట్లకు డబ్బు కట్టాలి. అవి తగలకుండా కొత్త పద్ధతి కావాలన్నారు, చేసిచ్చాడు. 1931లో ఆ కంపెనీ ఈఎంఐలో కలిసింది. అదే ఏడాది డిసెంబర్‌లో స్టీరియో శబ్దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. మీరు ఇయర్‌ఫోన్స్‌లో కుడి, ఎడమ అని విడివిడిగా వింటున్నారే, దాని మూలం అక్కడే. 1936లో బీబీసీ మొదలుపెట్టిన 405 గీతల టీవీ వెనకున్న ఈఎంఐ బృందంలోనూ ముఖ్యుడు ఆయనే. మొత్తం 128 పేటెంట్లు. సగటున ఆరేడు వారాలకొకటి!

ఇవన్నీ త్వరగా దాటేస్తున్నాను, ఎందుకంటే మనకు కావాల్సిన కథ 1938లో మొదలవుతుంది. ఆ ఏడు ఆయన స్లాట్ యాంటెన్నాను కనిపెట్టాడు. యాంటెన్నా అంటే మనకు గుర్తొచ్చేది బయటికి పొడుచుకొచ్చిన కడ్డీ. ఈయన దాన్ని తిరగేశాడు. కడ్డీ బదులు లోహపు రేకులో కడ్డీ ఆకారంలోనే సన్నని చీలిక కోసి, ఆ అంచుల మధ్య సిగ్నల్ ఇస్తే ఆ చీలికే తరంగాలను పంపుతుంది. పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉంటే చాలు. భూగర్భ గనుల్లో రేడియో మాటల కోసం లాగే లీకీ ఫీడర్ కేబుల్ చూశారా? దాని పై తొడుగులో కావాలనే సందులు వదులుతారు, సిగ్నల్ వాటిలోంచి బయటికి కారుతుంది. అదీ ఇలాంటి ఆలోచనే.

విమానానికి ఇది ఎందుకంత ముఖ్యం? బయటికి వచ్చిన ప్రతి వస్తువునూ గాలి వెనక్కి లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. పైగా కడ్డీ వణుకుతుంది, మంచు పడుతుంది, దాన్ని బిగించిన చోట రేకు అలిసి పగుళ్లిస్తుంది. చీలికకు ఆ బాధలు చాలా తక్కువ. తరంగాలు దూరే పదార్థంతో మూసేస్తే పైన నున్నగా ఉంటుంది.

కానీ అన్నిటికీ చీలిక సరిపోదు. యుద్ధం వచ్చింది. రాత్రిపూట వెళ్లే బ్రిటిష్ బాంబర్లకు కింద ఏ ఊరుందో కనిపించేది కాదు. నేలను చూపించే రాడార్ కావాలి. దానికి సన్నని కిరణం కావాలి. కిరణం ఎన్ని డిగ్రీల వెడల్పో సుమారుగా లెక్కేయాలంటే తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా వెడల్పుతో భాగించి 70తో గుణించండి. అంతకుముందు విమానాల్లో వాడిన రాడార్ తరంగదైర్ఘ్యం 1.5 మీటర్లు. ఏడు డిగ్రీల కిరణం రావాలంటే 15 మీటర్ల యాంటెన్నా కావాలి. హాలిఫాక్స్ బాంబర్ పొడవే 22 మీటర్లు! 1940లో బర్మింగ్‌హామ్‌లో కేవిటీ మాగ్నెట్రాన్ తయారవడంతో 10 సెంటీమీటర్ల తరంగాలు చేతికొచ్చాయి. ఇప్పుడు ఒక మీటరు యాంటెన్నా చాలు. విమానం మోయగలదు.

మరి ఎక్కడ పెట్టాలి? కిందికి చూడాలి కాబట్టి పొట్ట కింద. గుండ్రంగా తిరగాలి కాబట్టి రెక్కలూ చక్రాలూ అడ్డం రాకూడదు. లోహపు మూత వేస్తే తరంగాలు బయటికి పోవు. చివరికి హాలిఫాక్స్ పొట్ట కింద, తుపాకీ టరెట్‌కు వీలున్న చోటే, పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్‌తో గుమ్మటం బిగించారు. అంటే కింది నుంచి వచ్చే శత్రు విమానాన్ని కాల్చే తుపాకీని వదులుకుని కంటిని తెచ్చుకున్నారన్నమాట. ఆ రాడార్‌కు పెట్టిన రహస్య పేరు హెచ్2ఎస్. గుమ్మటంతో వచ్చిన మొదటి హాలిఫాక్స్ నంబరు వి9977. దాని సర్క్యూట్ల బాధ్యత ఈఎంఐది, అంటే బ్లమ్‌లైన్ బృందానిది. ఈ రాడార్ పని నగరాలను వెతికి బాంబులు వేయించడం. ఆ సంగతి దాచి ఆయన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

1942 జూన్ 7, ఆదివారం. రాడార్ గాల్లో ఎలా పనిచేస్తుందో స్వయంగా చూడాలని బ్లమ్‌లైన్, ఈఎంఐ సహచరులు బ్రౌన్, బ్లైథెన్ డెఫర్డ్ ఎయిర్‌ఫీల్డ్‌లో వి9977 ఎక్కారు. ప్రభుత్వ రాడార్ కేంద్రం వాళ్లు, వైమానిక దళం వాళ్లు కలిపి మొత్తం 11 మంది. కాసేపటికి కుడివైపు చివరి ఇంజిన్‌కు మంటలంటుకున్నాయి. ఆరలేదు. రెక్క కాలిపోయి విమానం వెల్ష్ బిక్నర్ దగ్గర కూలింది. ఒక్కరూ బతకలేదు. బ్లమ్‌లైన్‌కు 39 నిండటానికి ఇంకా మూడు వారాలుంది. భార్య డొరీన్, ఇద్దరు చిన్న కొడుకులు.

ఆ రాత్రే బెర్నార్డ్ లోవెల్ అనే యువ శాస్త్రవేత్త శిథిలాల దగ్గరికి వెళ్లాడు. మాగ్నెట్రాన్ ఎవరి చేతిలోనూ పడకూడదు, ఏరి తేవాలి. ముందురోజు దాకా తనతో కలిసి పనిచేసినవాళ్ల మధ్య ఒక లోహపు ముక్క కోసం వెతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

విచారణలో తేలింది ఏమిటంటే, గుమ్మటంలో తప్పు లేదు, రాడార్‌లోనూ లేదు. ఇంజిన్‌లో వాల్వును కదిలించే టాపెట్‌కు ఉండే ఒక చిన్న నట్టు. తనిఖీ చేసినప్పుడు దాన్ని సరిగా బిగించలేదు. అది వదులై, వాల్వు కాడ విరిగి, మండుతున్న ఇంధనం వెనక్కి చిమ్మింది. అంతే.

ఈ పని మనకు దగ్గర్లోనూ ఉంది. హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్‌లో రక్షణ ఎలక్ట్రానిక్స్, బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో ఏవియానిక్స్, ఆదిభట్లలో విమాన భాగాలు. బెంగళూరు క్యాబ్స్ చేసిన నేత్ర విమానం ఫొటో చూడండి, వీపు మీద పొడవాటి పెట్టె లాంటిది కనిపిస్తుంది. అది రాడార్ యాంటెన్నా. ఇలాంటి పెట్టె బిగించే బృందంలో ఈసీఈ వాళ్లే ఉండరు. రంధ్రం పడిన చోట రేకుకు లోపలి నుంచి అదనపు పలక వేసి బలం ఇచ్చే స్ట్రక్చర్ల వాళ్లు, గాలి లెక్కలు చేసేవాళ్లు, పిడుగు పడితే కరెంటు పోయే దారి చూసేవాళ్లు, వాన నీరు దూరకుండా సీలు వేసేవాళ్లు ఉంటారు. విమాన నిర్వహణ లైసెన్సుల్లో బీ2 ఏవియానిక్స్‌ది, బీ1 ఇంజిన్, నిర్మాణాలది. ఇంటర్వ్యూలో ఈ యాంటెన్నాను ఎక్కడ పెడతావని అడిగితే గెయిన్ ఫార్ములా ఒక్కటే చెప్పి ఆగిపోకండి. ఏం అడ్డొస్తుంది, ఎంత బరువు, ఎవరు ఎలా విప్పి చూస్తారు అన్నది కూడా చెప్పండి. నేను మొదటి ఇంటర్వ్యూలో ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

హెచ్2ఎస్ 1943 జనవరి చివర్లో హాంబర్గ్ దాడిలో మొదటిసారి వాడారు. తర్వాతి రకాలు 1982 ఫాక్లాండ్స్ యుద్ధం నాటికి కూడా విమానాల్లో ఉన్నాయి. బ్లమ్‌లైన్ మరణవార్త మాత్రం రహస్యం పేరుతో చాలాకాలం బయటికి రాలేదు. పత్రికల్లో నివాళి లేదు. 2017లో ఆయనకు సాంకేతిక విభాగంలో గ్రామీ అవార్డు ఇచ్చారు, చనిపోయిన 75 ఏళ్లకు. అది స్టీరియోకు.