తుపాకి నుండి కుంచెకు: జాన్ జేమ్స్ ఆడుబన్ జీవితం

అడవిలో ప్రాణులను వేటాడినవారు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు. వేటాడిన ప్రాణికి కాగితంపై చిరాయువు నొసగినవారు మాత్రం అరుదు. అట్టివారిలో జాన్ జేమ్స్ ఆడుబన్ ప్రముఖుడు.

ఆయన 1785 ఏప్రిల్ 26న నేటి హైతీ దేశంలో జన్మించాడు. తండ్రి ఫ్రెంచి నావికుడు. బాల్యం ఫ్రాన్సులోని నాంట్ నగర ప్రాంతంలో గడిచింది. పాఠాలకంటె పక్షిగూళ్లపైనే ఆ బాలునికి మక్కువ. నెపోలియన్ సైన్యంలో చేరవలసివస్తుందన్న భయంతో తండ్రి 1803లో కుమారుని అమెరికాకు పంపాడు. 1808లో ఆయన లూసీ బేక్వెల్‌ను వివాహమాడి, కెంటకీలో వర్తకం సాగించాడు.

ఆనాటి కెంటకీ అడవులలో ఉడుతలు అసంఖ్యాకం. గుంపులుగా వలసపోతూ నదులను సైతం ఈది, మొక్కజొన్న చేలను పాడుచేసేవి. వాటి వేట అక్కడి రైతులకు పంటరక్షణ, ఆహారం కూడా. ఆనాటి తుపాకులు గొట్టం మూతినుండి మందు దట్టించేవి. ముందు మందు పోసి, గుడ్డపీలికనో కాగితపు ఉండనో కడ్డీతో దట్టించి, సీసపు రవ్వలు వేసి, మరల మూయాలి. చెకుముకి నిప్పురవ్వతో మందు అంటుకొనేది. గురి తప్పితే మరల దట్టించేలోగా ఉడుత కొమ్మల మాటున మాయమయ్యేది. అందుచేత ఆ వేటగానికి తొందరకంటె ఓర్పు ముఖ్యం.

డేనియల్ బూన్ అనే ప్రసిద్ధ వేటగాడు ఉడుతను తాకకుండా దాని క్రింది చెట్టుబెరడును కాల్చి, ఆ అదురుతోనే దానిని పడగొట్టగా చూచినట్లు ఆడుబన్ వ్రాశాడు. ఈ వృత్తాంతంలో కల్పన ఉన్నదని చరిత్రకారుల అనుమానం.

ఆడుబన్ తుపాకి పట్టింది చిత్రలేఖనం కొరకు. ఈకలు చెడకుండా సన్నని రవ్వలు వాడేవాడు. నేలకూలిన ప్రాణిని తీగలతో గళ్లపలకపై సజీవభంగిమలో నిలిపి, రంగు మాయకముందే చిత్రించేవాడు. ఒకమారు ఆయన ఊరిలో లేని సమయాన సుమారు 200 చిత్రాలను ఎలుకలు కొరికివేశాయి. కొన్నాళ్లు కుమిలిపోయినా, మరల తుపాకి, పుస్తకం, పెన్సిలు తీసుకొని అడవికి బయలుదేరాడు.

1819లో వర్తకం దివాలా తీసింది. అప్పులకై చెరసాల ప్రాప్తించింది. అప్పుడు లూసీ ఉపాధ్యాయినిగా పనిచేసి సంసారభారం వహించింది. 1826లో ఆయన చిత్రాలతో ఇంగ్లండు చేరాడు. 1827 నుండి 1838 వరకు, 435 పెద్ద ఫలకాలతో, పక్షులను వాటి సహజ పరిమాణంలోనే చూపిన మహాగ్రంథం వెలువడింది.

పిమ్మట జాన్ బాక్‌మన్ అనే మతాచార్యునితో కలిసి అమెరికా చతుష్పాద జంతువుల గ్రంథానికి పూనుకున్నాడు. బాక్‌మన్ ఉడుతలను విశేషంగా పరిశోధించిన పండితుడు. అందుచేత ఆ గ్రంథంలో ఉడుతలకు పెద్దపీట లభించింది. 1845–48 మధ్య 150 చిత్రాలు వెలువడ్డాయి. చూపు, మేధస్సు క్షీణించగా మిగిలిన పనిని కుమారులు పూర్తిచేశారు. 1851 జనవరి 27న ఆయన న్యూయార్కులో కన్నుమూశాడు.

ఆయన జీవితంలో మచ్చలు లేకపోలేదు. బానిసలను కొని అమ్మినవాడు; బానిసత్వ నిర్మూలనను వ్యతిరేకించినవాడు. దానిని దాచి ఆయనను పొగడటం సత్యానికి ద్రోహం.

ఆయన యౌవనంలో ఆకాశాన్ని కప్పివేసిన వలస పావురాలలో చివరిది 1914లో సిన్సినాటి జంతుశాలలో మరణించింది. వేటకు అంతులేనంత సంపద ఉన్నదని ఆనాటివారు నమ్మారు. ఆ నమ్మకం వమ్మయింది. 1886లో ఆయన పేరట పక్షిరక్షణ సంఘం ఏర్పడింది. దాని స్థాపకుడు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ బాల్యంలో లూసీ వద్ద విద్య నభ్యసించినవాడే. తుపాకితో ప్రారంభమైన పని రక్షణకు దారితీసింది.

విద్యార్థులారా! నష్టపోయిన శ్రమను తిరిగి ఆరంభించిన ఆయన పట్టుదలను గ్రహించండి. అక్షయమని తలచిన ప్రకృతి సంపద ఒక్క తరంలోనే తరిగిపోగలదన్న పాఠాన్నీ మరువకండి.