కీర్తన కోసం ఇల్లు విడిచిన పురుషోత్తమ చౌదరి

అరకులోయ మొదలు పర్లాకిమిడి వరకు తూర్పు కనుమల పల్లెల్లో తెలుగులో ఆరాధన జరిగే చర్చిలు చాలా ఉన్నాయి. తెలుగు క్రైస్తవ సంఘాలలో బైబిలు తరువాత అందరి చేతుల్లోనూ నలిగిన పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో పాటలకు రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. రచయిత పేరు కూడా ఉంటుంది. ఆ పేర్లలో తరచుగా కనబడేది పురుషోత్తమ చౌదరి.

పాట పాడేవారికి ఆయన పేరు తెలుసు. అయితే ఆ పాటలు రాయడానికి ఆయన ఏమి వదులుకున్నారో, ఆయనతోపాటు ఆయన ఇల్లాలు ఏమి వదులుకోవలసి వచ్చిందో తెలిసినవారు తక్కువ. రెండు వందల సంవత్సరాల క్రితం మన కొండల కింద పుట్టిన ఈ కవి జీవితం అన్ని మతాలవారూ తెలుసుకోదగినది.

మదనాపురంలో జననం

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో జన్మించారు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వారిది వంగదేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. ఆనాడు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఒకవైపు మహేంద్రగిరి, సవరల కొండలు. మరొకవైపు వరిపొలాలు, సముద్రతీరం. సంతల్లో తెలుగు, ఒరియా, సవర భాషలు మూడూ వినిపించేవి.

అటువంటి చోట పెరిగిన పురుషోత్తమ చౌదరికి తెలుగు, ఒరియా, సంస్కృతం పట్టుబడ్డాయి. ఆయన బాల్య యౌవనాల కాలానికి తంజావూరు సీమలో త్యాగరాజు ఇంకా జీవించి ఉన్నారు. రామదాసు కీర్తనలు భజన మందిరాల్లో మారుమోగుతున్నాయి. రాగతాళాలతో దేవుని పాడుకొనే ఆ అలవాటు మన పల్లెల్లో బలంగా ఉన్న రోజులవి. ఆ అలవాటే తరువాత ఆయనకు అక్కరకు వచ్చింది.

పెద్దలు ఆయనకు రాధామణితో వివాహం జరిపించారు. వైదిక కుటుంబంలో పుట్టి చదువుకున్నవారికి ఆనాడు బతుకుతెరువు కష్టం కాదు. పౌరోహిత్యం ఉంది, పురాణం చెప్పడం ఉంది, బడి పెట్టుకోవచ్చు, జమీందారుల ఆదరణ కూడా దొరుకుతుంది. పురుషోత్తమ చౌదరి ఆ దారిలోనే సాగి ఉంటే సుఖంగా రోజులు గడిచిపోయేవి.

ముప్పయ్యో ఏట కొత్త దారి

ఆ రోజుల్లో తెలుగు దేశంలో క్రైస్తవ మిషన్లు ఇంకా వేళ్ళూనుకోలేదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చి పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని సాయంతో సువార్తలను తెలుగు చేశారు. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. కొత్త నిబంధన మొత్తం 1818లో వెలువడింది. ఆ తరువాత చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు శ్రీకాకుళం వైపుకు, పర్లాకిమిడి వైపుకు చేతులు మారుతూ వచ్చాయి.

పురుషోత్తమ చౌదరి ఆ పుస్తకాలు చదివారు. శాస్త్రం చదువుకున్న మనిషి గనుక తేలికగా ఒప్పుకోలేదు, తేలికగా తోసివేయనూ లేదు. మిషన్ వారితో మాట్లాడి సందేహాలు తీర్చుకున్నారు. చివరకు 1833లో ఒరిస్సాలోని కటకంలో బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి సంవత్సరాలు.

శ్రీకాకుళం సీమ నుంచి కటకం మూడువందల కిలోమీటర్ల పైమాట. రైలు లేదు. పూరీ జగన్నాథుని దర్శనానికి యాత్రికులు నడిచి వెళ్ళే బాట అదే. ఆ బాటన వెళ్ళిన బ్రాహ్మణ యువకుడు క్రైస్తవుడై తిరిగి రావడం ఆనాటి సమాజానికి మింగుడుపడని విషయం.

ఇల్లాలికి వచ్చిన పరీక్ష

మతం మారడం ఆ రోజుల్లో ఒక్క మనిషికి సంబంధించిన విషయం కాదు. ఆనాటి ఆచారం ప్రకారం అటువంటివాడు కులంలో లేనట్టే లెక్క. బంధువుల పంక్తిలో భోజనం లేదు. తల్లిదండ్రులకు కర్మ చేసే అర్హత లేదు. పుట్టిన ఇంటి బావిలో నీరు తోడుకోవడానికి కూడా వీలుండదు.

ఆస్తి మాట సరేసరి. మతం మార్చుకున్నవాడు వారసత్వపు హక్కు కోల్పోకుండా కాపాడే చట్టం 1850లో గాని రాలేదు. పురుషోత్తమ చౌదరి బాప్తిస్మం పొందింది అంతకు పదిహేడు సంవత్సరాల ముందు. కనుక ఆయన ఆ అడుగు వేసేనాటికి చట్టం అండ కూడా లేదు.

ఈ బరువులో సగం రాధామణిపై పడింది. ఆమె ఏ పుస్తకం చదివి ఈ నిర్ణయానికి రాలేదు. నిర్ణయం భర్తది, ఫలితం ఇద్దరిదీ. భర్త వెంట వెళితే పుట్టింటి గడప శాశ్వతంగా మూతపడుతుంది. వెళ్ళకపోతే భర్త బతికి ఉండగానే ఒంటరి బతుకు. వితంతువు పరిస్థితే దుర్భరంగా ఉన్న ఆ కాలంలో, భర్త వెలి అయిన స్త్రీ పరిస్థితి ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

మొదట ఆమె భర్త వెంట వెళ్ళడానికి ఇష్టపడలేదు. సంసారం రెండుగా చీలింది. ఆ తరువాతనే ఆమె ఆయనను చేరుకొన్నారు. పెరిగిన ఆచారం, వండుకొనే పద్ధతి, పలకరించే మనుషులు అన్నీ మారిపోయిన చోట ఆమె మళ్ళీ కాపురం నిలబెట్టుకొన్నారు. పురుషోత్తమ చౌదరి పేరు కీర్తనల పుస్తకంలో నిలిచింది. రాధామణి పేరు ఏ పాటకూ కింద లేదు. అయినా ఆ పాటలకు ఇల్లు కల్పించినది ఆమెయే.

సంతలో ఉపదేశి

మతంతోపాటు వృత్తి కూడా మారింది. పురుషోత్తమ చౌదరి ఉపదేశిగా, తరువాత పాదిరిగా పనిచేశారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, కటకం ఆయన సేవకు ముఖ్యమైన కేంద్రాలు.

ఉపదేశి పని ఆ కాలంలో కూర్చుని చేసే పని కాదు. సంత ఏ ఊళ్ళో ఏ వారం జరుగుతుందో తెలుసుకొని తెల్లవారకముందే బయలుదేరాలి. పుస్తకాల మూట మోసుకొని నడవాలి. చెట్టు కింద నిలబడి మాట్లాడాలి. వినేవారు వింటారు, తిట్టేవారు తిడతారు. వర్షాకాలంలో గెడ్డలు పొంగితే రోజుల తరబడి అవతలి గట్టునే ఉండిపోవాలి. మన్యం అంచున జ్వరాల భయం సరేసరి. ఇంటి దగ్గర పిల్లలకు జబ్బు చేసినా కబురు అందడానికి నాలుగైదు రోజులు పట్టే కాలం అది.

ఒకప్పుడు నలుగురూ పీట వేసి గౌరవించే పండితుడు, తరువాత సంతలో నిలబడి మాటలు పడిన ఉపదేశి. ఈ మార్పును ఆయన ఒక్క ఏడాదో రెండేళ్ళో కాదు, దశాబ్దాల తరబడి నిభాయించుకొచ్చారు.

దొరల బాణీ కాదు, మన బాణీ

పురుషోత్తమ చౌదరిని ఈనాటికీ గుర్తుంచుకోవడానికి కారణం ఆయన పాట. ఆయనకు ముందు మిషన్ ఆరాధనలలో ఇంగ్లీషు పాటలను తెలుగులోకి మార్చి, ఇంగ్లీషు బాణీలోనే పాడించేవారు. ఇంగ్లీషు వరుసకు సరిపెట్టాలంటే తెలుగు మాటను ఎక్కడపడితే అక్కడ విరవాలి. దీర్ఘం ఉన్నచోట కురచ చేయాలి, కురచ మాటను సాగదీయాలి. అర్థం చెడిపోతుంది. చదువురాని రైతుకు అది నోటికి పట్టదు.

చౌదరి ఈ పద్ధతి వదిలి కీర్తన పద్ధతి పట్టుకొన్నారు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మన భజనలలో ఉన్నవే. ముందు పాడేవాడు చరణం అందుకొంటాడు. పల్లవి దగ్గర అందరూ కలుస్తారు. పుస్తకం చదవనక్కరలేదు. నాలుగుసార్లు వింటే పల్లవి వచ్చేస్తుంది. తాళాలు, మృదంగం ఉంటే చాలు. అవీ లేకపోతే చప్పట్లు చాలు. అక్షరం రాని కూలివాడు కూడా ఈ విధంగా ఆరాధనలో గొంతు కలపగలిగాడు.

ఈ బాణీలో ఆయన నూటికి పైగా కీర్తనలు రచించారు. సంస్కృత పదాలు బాగా కలిసిన ప్రౌఢమైన తెలుగు ఆయనది. అయినా రాగం పట్టుకొని పాడితే పల్లెటూరి నోటికి కూడా చక్కగా ఒదుగుతుంది. కీర్తనలే గాక యేసు నాయక శతకం, నిస్తార రత్నాకరం, కులాచార పరీక్ష వంటి పుస్తకాలు కూడా రాశారు. కులాచారాలను విమర్శించినందువల్ల పాత బంధువర్గంతో ఎడం పెరిగి ఉంటుందే గాని తగ్గి ఉండదు. అయినా శతకం రాయడంలోనూ, కీర్తన కట్టడంలోనూ తాను చిన్ననాడు నేర్చిన తెలుగు సంప్రదాయాన్ని ఆయన విడిచిపెట్టలేదు. ఇల్లు విడిచారు, కులం విడిచారు, వృత్తి విడిచారు. నేర్చుకొన్న పాటను మాత్రం వెంట తీసుకువెళ్ళారు.

ఎనభై ఆరేళ్ళ జీవితం

పురుషోత్తమ చౌదరి 1890 ఆగస్టు 23న మరణించారు. అప్పటికి ఎనభై ఆరేళ్ళు నిండి ఎనభై ఏడో ఏడు నడుస్తున్నది. బెజవాడ నుంచి కటకం వరకు తూర్పుతీరం రైలుమార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య తెరిచారు. అంటే ఆయన బతికినంతకాలం ఈ దారులన్నీ కాలినడకన, బండిపైన, పడవపైన తిరిగినవే.

ఆయన పుట్టిన సీమ తరువాత రెండుగా విడిపోయింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్ళింది. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. పొరుగున ఉన్న పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. సరిహద్దు గీత రెండు ఊళ్ళ మధ్య నుంచి పోతున్నా, ఆయన కీర్తనలు గీతకు రెండువైపులా పాడుతూనే ఉన్నారు.

నేడు కొండ ఊళ్ళలో కూడా వారమంతా పోడులోనో కాఫీ తోటలోనో పనిచేసి, ఆదివారం చర్చిలో డోలక్ పట్టుకొనే యువకులున్నారు. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని పల్లవి అందుకొనే తల్లులున్నారు. పని, పాట, సంసారం మూడింటినీ కలిపి మోయడం ఎంత కష్టమో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ పాట కట్టినవారు, ఆయన ఇల్లాలు కూడా ఆ కష్టం పడ్డవారే. పురుషోత్తమ చౌదరి పేరు చదివినప్పుడు రాధామణి పేరును కూడా తలచుకోవడం న్యాయం.