నీలి రంగు ఆలస్యంగా వచ్చింది... ఎందుకు?

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర ఏ మందుల షాపుకైనా వెళ్లి ఫోలిక్ యాసిడ్ మాత్ర అడగండి. వెంటనే తీసిస్తారు. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రే అది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన తెలుగువాడే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మీరు వినే ఉంటారు, జీకే బిట్లలో కూడా వస్తుంది. కానీ బీఎస్సీ మొదటి ఏడాదిలో మీరు తిట్టుకుంటూ చదివే ఫిజికల్, ఆర్గానిక్ కెమిస్ట్రీతోనే ఆయన ఇదంతా చేశాడని మాత్రం ఎవరూ చెప్పరు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మోటివేషన్ పోస్టర్లన్నీ ఇక్కడే ఆగిపోతాయి. నాకైతే అది అంత ముఖ్యమనిపించదు, అసలు కథ తర్వాతే ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నాడని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్‌తో బయటపడ్డాడు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు.

1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. చదువు హార్వర్డ్‌లోనే, కానీ జేబులో డబ్బుల్లేవు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు కడిగి నెట్టుకొచ్చాడు.

అక్కడ సైరస్ ఫిస్క్ దగ్గర చేరి చేసిన పని చూడండి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలుపుతారు. ఆ తర్వాత అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేస్తే క్షయకరణం జరిగి నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కడతారు. ఇది మీ బీర్-లాంబర్ట్ నియమమే కదా! క్షయకరణం చేసేదేమో ఆర్గానిక్ పదార్థం, కొలతేమో ఫిజికల్ కెమిస్ట్రీ. ఒకే గాజు గొట్టంలో మీ రెండు పేపర్లూ ఉన్నాయి. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి దశాబ్దాలపాటు ల్యాబుల్లో నడిచింది.

కండరాల సారంతో ఇదే పరీక్ష చేస్తే ఒక చిక్కొచ్చింది. రంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా ముదురుతోంది. మనమైతే ఏం చేస్తాం? రీఏజెంట్ పాతదైపోయిందని పారబోసి, పక్కవాడి రీడింగ్ రికార్డులో ఎక్కించేస్తాం. వాళ్లు మాత్రం ఎందుకు ఆలస్యమవుతోందని పట్టుకుని కూర్చున్నారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఏదో అందులో ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపెట్టారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరు చేశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. చర్య వేగం అంటూ కైనెటిక్స్ పాఠంలో మీరు గీసే గ్రాఫ్‌కు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. ఆయన వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ బయటకు రానివ్వలేదనీ, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ, సహచరుడు జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పాడు. ఈ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారాడు. ఇండస్ట్రీకి వెళ్తే పరిశోధన పోతుందని భయపడేవాళ్లు ఈ ఎనిమిదేళ్లు గమనించాలి. 1945కల్లా ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించింది. అన్నదమ్ములను తీసుకెళ్లిన స్ప్రూకు అది పనిచేసింది. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగుల మీద వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన విభాగం నుంచే వచ్చాయి.

ఆర్గానిక్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఫోలిక్ యాసిడ్‌లో ఒక చోట ఉన్న ఓహెచ్ తీసి, అమైనో గ్రూపు పెడితే అమైనోప్టెరిన్ వస్తుంది. దానికి ఇంకో నైట్రోజన్ మీద మిథైల్ గ్రూపు చేరిస్తే మెథోట్రెక్సేట్. కణం దీన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని తీసుకుంటుంది, ఆపైన పెరగలేక ఆగిపోతుంది. ఫంక్షనల్ గ్రూపు మారితే గుణం మారుతుందని మీరు బట్టీ కొట్టిన వాక్యానికి అర్థం ఇదే. ఒకటి రక్తాన్ని పెంచే విటమిన్, ఇంకొకటి క్యాన్సర్ మందు. ఫార్మా ఉద్యోగాల ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ మూడు నిర్మాణాలూ పక్కపక్కన గీసి చూసుకోండి, గంట కూడా పట్టదు.

ఈ ఖాతాలో ఇంకో పద్దు కూడా ఉంది. చదువుకు వెళ్తూ ఆయన భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లాడు. బిడ్డ పసితనంలోనే పోయాడు. తిరిగి ఇండియాకు ఆయన రాలేదు. పోస్టర్లలో ఆమె పేరు ఉండదు.

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, లుకేమియాతో ఉన్న పిల్లల్లో అమైనోప్టెరిన్ వల్ల కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టిందని ప్రచురించాడు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, ఆగస్టు 8న, సుబ్బారావు నిద్రలోనే చనిపోయాడు. వయసు 53. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు, క్యాన్సర్‌కే కాదు, కీళ్లవాతానికి కూడా.